వకుళక్క జవాబు: ఇడిసిపెట్టిన చోట

పోయిన వారం పంకజాక్షిని తిరుపతి బస్టాండులో విడిచిపెట్టాం. చేతిలో గుడ్డసంచి, మనసులో ఒక ప్రశ్న. ఆ ప్రశ్న అడగవలసింది వకుళక్కను. 'దక్షిణ వార్త' ఆదివారం సంచికలో ఆడవాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చే వకుళక్క. ఏడేళ్ళ కిందట ఆమె ఇచ్చిన ఒక జవాబు చదివి పంకజాక్షి మొగుడి ఇంటికి తిరిగి పోలేదు. పలమనేరు దగ్గర పుట్టింట్లోనే ఉండిపోయింది. మొన్న మేనత్త అక్కమ్మ కొండకు పోయి వచ్చి ఒక కబురు చెప్పింది. పంకజాక్షి మొగుడు మునిశేఖర్ ఇప్పుడు అలిపిరిలో జీపు తోలుతున్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్కమ్మ గట్టిగా నిలదీస్తే, "నేనెప్పుడు వదిలేసినానత్తా? అదే గదా వదిలేసినాడని పేపర్లో ఏయించింది" అన్నాడట.

ఆ మాట విన్న మర్నాడే పంకజాక్షి బస్సెక్కింది.

'దక్షిణ వార్త' ఆఫీసు అంటే ఆటో ఆయనకు తెలియలేదు. వకుళక్క పేపరు అంటే తెలిసింది.

"మొదుట్నే వకుళక్క అని చెప్పల్ల గదమ్మా! ఏమన్నా కష్టమా? ముందు కాసిని నీళ్ళు తాగు తల్లీ." చెప్పి తానే నవ్వుకున్నాడు.

ప్రతి జవాబునూ వకుళక్క ఆ వాక్యంతోనే మొదలుపెట్టేది. ఈ జిల్లాలో ఎవరూ కాసిని అనరు, రవ్వన్ని అంటారు. అందుకే ఆ వాక్యం జనం నోట పడింది. హోటల్లో గ్లాసు పెట్టేవాడు అదే అంటాడు. అప్పగింతలప్పుడు ఏడ్చే పెళ్ళికూతురితో వదినలు అదే అంటారు. గంగజాతరలో మగవాళ్ళు ఆడవేషాలు కట్టడం తిరుపతిలో మామూలే. పోయిన జాతరలో ఒకాయన పత్రికలో బొమ్మ మాదిరే కొప్పు పెట్టి, పెద్ద బొట్టు దిద్ది, కళ్ళజోడు తగిలించి, చెంబు పట్టుకొని వీధివీధీ తిరిగాడు. కనపడిన వాళ్ళందరి దోసిట్లో నీళ్ళు పోశాడు. జనం అమ్మవారి వేషాలను విడిచి వకుళక్క వెంటపడ్డారని అక్కమ్మే చెప్పింది.

ఆఫీసు రేణిగుంట రోడ్డులో, టైర్ల దుకాణం పైన మిద్దె మీద ఉంది. మెట్ల దగ్గర బల్ల వేసుకొని అటెండరు ధనంజయ కూర్చున్నాడు.

"ఎవురు గావల్లమ్మా?"

"వకుళక్క."

"అక్క ఈడికి రాదు పాపా. ఇంటికాణ్ణించే రాసి పంపిస్తాది."

"ఇల్లు యాడ?"

"అది మాకూ తెలీదు."

"తెలీకపోతే ఆమె రాసింది యాడికి పోయి తెస్తావన్నా?"

ధనంజయ పదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఉన్నాడు. వకుళక్క కోసం వచ్చినవాళ్ళను ఎంతోమందిని వెనక్కి పంపాడు. ఈ మాట ఎవరూ అడగలేదు. తల గోక్కుని, "పైన సుందరరాజు సార్ ఉండాడు. అక్కవన్నీ ఆయనే చూసుకుంటాడు. పోయి అడుగు" అని, తనూ వెంట వచ్చాడు.

సుందరరాజుకు యాభై దాటాయి. ముందు జుట్టు పోయింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. ఎర్రసిరా పెన్నుతో ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆయన వెనక బీరువా తలుపు మూసుకోక తీసే ఉంది. లోపల పసుపు కుంకుమ పొట్లాలు, గాజులు, రవికెగుడ్డలు. వకుళక్కకు పాఠకులు పంపినవని చూస్తేనే తెలుస్తోంది. ధనంజయ సంగతి చెప్పాడు. సుందరరాజు తలెత్తి ఆమెను చూశాడు. ఎండలో వచ్చిన మనిషి. పక్కనున్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఆమె ముందుకు జరిపాడు.

"ముందు కాసిని నీళ్ళు తాగు తల్లీ."

పంకజాక్షి తాగింది. గ్లాసు కింద పెట్టాక గాని ఆ మాట చెవికెక్కలేదు. దాన్ని ఏడేళ్ళుగా ఎవరెవరి నోటనో విన్నది. అందరూ నవ్వడానికి అన్నవాళ్ళే. నవ్వకుండా నీళ్ళిచ్చి అన్నవాడు ఈయనొక్కడే.

"మీరేనా సార్?"

"ఏమిటమ్మా?"

"అక్క."

"టీ తెస్తా సార్" అని ధనంజయ మెట్లు దిగి పోయాడు. సుందరరాజు పెన్ను మూత వెతుక్కున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"జాతర అయిపోతే వాళ్ళు వేషం తీసేస్తారు" అన్నాడు. "నాకు తీసే వీలు దొరకలేదమ్మా. మొదట్లో నెల రోజులే అన్నారు. రాయడానికి ఆడమనిషి దొరికేదాకా."

పంకజాక్షి గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక డబ్బా, ఒక ఆకుపొట్లం తీసింది. డబ్బాలో పాలకోవా. పొట్లంలో మల్లెపూలు. పొద్దున బస్సు కోసం నిలబడినప్పుడు కట్టించుకున్నది. అక్క తలలో తనే పెట్టాలనుకుంది. ఆయన నెత్తి వైపు చూసింది.

"పువ్వులు తెచ్చినాను. యాడ పెట్టేది?"

సుందరరాజు నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వలేదు. పొట్లాన్ని ప్రూఫుల మీద పెట్టింది.

"నేను మీతో పోట్లాడేదానికి రాలేదు సార్. ఒకటి అడిగి పోదామని వచ్చినాను."

"అడుగు తల్లీ."

"మా ఆయన నన్ను వదిలేసినాడని మీకెట్ల తెలిసింది?"

ఆయనకు అర్థం కాలేదు. "నువ్వే రాసి ఉంటావు కదమ్మా."

"నేను జాబు రాసింది నిజమే, అట్ల రాయలేదు. నాకు మీ పేపరు చూసినాకే తెలిసింది." ఆమె గొంతు పెంచలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు. "నేనట్ల రాయలేదే, అక్క ఎట్ల కనుక్కున్నాదబ్బా అనుకున్యాను. సదువుకున్నామె, ఎన్ని కాపరాలు సూసుంటాదో, నాకు తెలీంది ఆమెకు తెలిసిందేమో అనుకున్యాను. రెండు దినాలు అన్నం దిగలా. ఆ తర్వాత నిజమే అనిపించింది. వదిలేసినాడు కాబట్టే రాలేదు అనుకున్యాను. ఇప్పుడు ఆయనేమో నేనెప్పుడు వదిలేసినానంటాడంట. మీకు ఎవురు చెప్పినారు సార్?"

"ఏమని అచ్చయింది?"

ఆమె కళ్ళు మూసుకోలేదు, తడుముకోలేదు. బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "ప్రశ్న. నా భర్త నన్ను పుట్టింట్లో వదిలేశాడు. నేనే అతని దగ్గరికి వెళ్ళవచ్చా? పి., పలమనేరు సమీపం. జవాబు. ముందు కాసిని నీళ్ళు తాగు తల్లీ. వదిలేసినవాడి గుమ్మం తొక్కవద్దు. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు."

"ఎప్పటిది?"

"ఏడేండ్లయింది. శ్రావణమాసం."

సుందరరాజు కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు.

అది పంకజాక్షి ఊహించని మాట. అక్క తిడుతుందనుకుంది, ఓదారుస్తుందనుకుంది, పొమ్మంటుందని కూడా అనుకుంది. గుర్తు లేదంటుందని అనుకోలేదు. ఊరి పాలకేంద్రంలో పని చూపించి తనను నిలబెట్టింది ఆ జవాబే. రాత్రిళ్ళు రోడ్డు మీద ఏ బండి ఆగినా లేచి కూర్చోకుండా ఆపలేకపోయింది కూడా ఆ జవాబే.

"నిలబడమన్నారు. నిలబడినాను" అంది. "నిలబడే ఉండాను సార్. కాళ్ళు నొప్పి పుడతా ఉండాయి."

కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మిషను మోగి ఆగింది.

మొగుడి ఇంట్లో ఆమె కాపురం చేసింది ఒక వేసవి. అంతే. దాంట్లో ఏముందని ఊళ్ళో వాళ్ళు అంటారు. మునిశేఖర్ టమాటా తోట నుంచి వచ్చి పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడేవాడు. వాకిట్లో ఉన్న చెంబు మీద వేలి ఉంగరంతో కొట్టేవాడు. రెండు దెబ్బలు. ఆగి, ఒకటి. ఆమె నీళ్ళు తీసుకొని వచ్చేది. ఏడేళ్ళుగా పాలకేంద్రంలో క్యాను మూత మీద ఎవరి చెయ్యి తగిలినా ఆమె మూడో దెబ్బ కోసం ఆగుతుంది. ఈ సంగతి ఏ పత్రికకూ రాయలేదు. రాయడానికి ఏముంది?

ఆమె లేచి సంచి సర్దుకుంది.

"ఒక్కదానివే వచ్చావా తల్లీ? ఎలా వెళ్తావు?"

"పొద్దున మా చిన్నాయన పలమనేరు బస్టాండులో ఇడిసిపెట్టి పోయినాడు. మళ్ళా ఆడికే వస్తాడు. మీకు తెలిసిన ఆటో ఉంటే నన్ను బస్టాండు కాడ ఇడిసిపెట్టమనండి సార్."

సుందరరాజు పెన్ను కింద పెట్టాడు.

"ఏమన్నావు?"

"బస్టాండు కాడ ఇడిసిపెట్టమనండి అన్నాను."

"అంతకు ముందు."

"మా చిన్నాయన ఇడిసిపెట్టి పోయినాడని."

"కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. "ఆ రోజు నువ్వు రాసిందీ ఈ మాటేనా? మా ఆయన నన్ను పుట్టింట్లో ఇడిసిపెట్టినాడు అనేనా?"

"ఇంకేమని రాస్తారు? ఆషాఢం వచ్చిందని ఇడిసిపెట్టినాడు. కొత్త పెండ్లికూతుర్లను అందురూ ఇడిసిపెడతారు గదా. శ్రావణం రాంగానే వస్తానన్నాడు. టమాటా కోతలు పడినట్లుండాయి, రాలేదు. నాకు దిగులు పట్టుకుండె. నేనే పోతే నవ్వుతారా అక్కా అని అడిగినాను. అంతే సార్ నేనడిగింది."

సుందరరాజు పెన్నుకు మూత పెట్టి పక్కకు జరిపాడు. మెల్లగా, ఒక్కొక్క ముక్కే చెప్పాడు.

"మా పేపరుకు ఒక భాష ఉందమ్మా. వచ్చినాడు అని ఉంటే వచ్చాడు అని దిద్దాలి. ఉండాది అని ఉంటే ఉంది అని దిద్దాలి. స్థలం చాలకపోతే కొసలు కొట్టేయాలి. ఆషాఢం ఆ కొసల్లో పోయినట్టుంది. ఇడిసిపెట్టినాడు అని ఉంటే..."

"ఉంటే?"

"వదిలేశాడు అని దిద్దాను."

"ఎవురు చెప్పినారట్ల?"

"ఎవరూ చెప్పలేదు."

"మీది ఏ ఊరు సార్?"

"గంగాధరనెల్లూరు పక్కన పల్లె."

పంకజాక్షి ఆయన ముఖంలోకి చూసింది. గంగాధరనెల్లూరు చిత్తూరు పక్కనే. "అట్లయితే ఇడిసిపెట్టేదంటే ఏమో మీకు తెలీదా? మీ నాయన మిమ్మల్ని బడికాడ ఇడిసిపెట్టలేదా?"

"తెలుసు."

"తెలిసీ?"

"ఇంట్లో తెలుసు. ఆఫీసులో తెలీదు." ఆయన గొంతు మారింది. "బెజవాడలో ఉద్యోగం నేర్చుకునేటప్పుడు, నేను నోరు తెరిస్తే నవ్వినారు. వచ్చినాడంట, పోయినాడంట అని నవ్వినారు. ఆ నవ్వు పడలేక దిద్దడం నేర్చుకున్నా. మొదట నన్ను దిద్దుకున్నా. ఆ తర్వాత మిమ్మల్నందర్నీ."

ఆమెకు కోపం రావాలి. వచ్చే దారిలో కోపం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఆమె కుర్చీ పట్టుకొని కూర్చుంది.

"అంటే ఆయన నన్ను వదిలేయలేదు."

"ఆయన మనసు నేను చెప్పలేను తల్లీ. వదిలేశాడని రాసింది మాత్రం నేను. నువ్వు కాదు, ఆయన కాదు."

"ఆయన వచ్చేవోడు సార్. ఆ సోమవారం రావాలనుకున్యాడంట. మా మేనత్తతో చెప్పినాడు. ఆదివారం గడ్డం చేయించుకునేదానికి మంగలంగడికి పోయినాడంట. ఆడ మీ పేపరు చదవతా ఉండారంట." ఆమె ఆగింది. ముక్కు తుడుచుకుంది. "సగం గడ్డంతో లేచి పోయినాడంట."

ధనంజయ టీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చి, ఇద్దరినీ చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"సవరణ వేస్తాను" అన్నాడు సుందరరాజు. "ఎడిటరు గారు ఒప్పుకోకపోయినా వేస్తాను. ఫలానా జవాబు పొరపాటు అని. వకుళక్క పేరుతోనే."

"యాడ ఏస్తారు?"

"అయిదో పేజీలో. అడుగున."

"ఎంత?"

ఆయన రెండు వేళ్ళ మధ్య ఖాళీ చూపించాడు. పంకజాక్షి ఆ ఖాళీ వైపు చూసి, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. అది నవ్వో కాదో ధనంజయకు తెలియలేదు.

"అది వద్దులే సార్. మంగలంగళ్ళో అది ఎవురూ గట్టిగా చదవరు." కొంగు నడుముకు చుట్టుకుంది. "మా పక్క ఒక పద్ధతి ఉండాది. ఆషాఢం అయిపోయినాక మొగుడు రాలేకపోతే, పుట్టింటోళ్ళే పిల్చుకపోయి అత్తింట్లో ఇడిసిపెట్టల్ల. తనంతట తాను పోగూడదు. మా నాయనకు కాళ్ళు రావు. చిన్నాయన బస్టాండు దాటి రాడు. నాకు అన్నదమ్ముల్లేరు. అక్కుండాదనుకున్యాను."

సుందరరాజు ఖాళీ చూపించిన వేళ్ళను ముడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు అక్కానని జవాబులు రాసినారు గదా. అక్క చేసే పని ఒకటి చేయండి. నన్ను పిల్చుకపోయి ఇడిసిపెట్టండి సార్."

ఆయన లేచాడు. బల్ల కింద చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటి దొరికింది, రెండోది ధనంజయ ఒక చేత్తో టీ గ్లాసులు పట్టుకొనే అందించాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి బీరువా ముందు నిలబడ్డాడు. పుట్టింటి నుంచి వచ్చే ఆడది ఒట్టి ఒడితో రాకూడదు. అది ఆయనకు ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ తెలిసినట్టుంది. వకుళక్కకు వచ్చినవాటిలోంచి ఒక పచ్చ రవికెగుడ్డ, ఒక పసుపు పొట్లం, ఒక కుంకుమ పొట్లం తీశాడు. ఎవరో పాఠకురాలు పుత్తూరు నుంచి పంపినవి. పంకజాక్షి ఒడి పట్టింది. ఆయన వాటిని అందులో పెట్టాడు. పెట్టడం అలవాటు లేని చేతులు. పొట్లం ఒకటి కింద పడితే ఆమే తీసుకుంది. ప్రూఫుల మీద పెట్టిన మల్లెపూలు తీసి తన తలలో తురుముకుంది.

"సార్, ఆదివారం పేజీ?" అన్నాడు ధనంజయ. "అక్క జవాబులు ఇంకా కంపోజింగుకు పోలేదు."

"నువ్వు ముందు రవ్వన్ని నీళ్ళు తాగు ధనంజయా" అని సుందరరాజు మెట్లు దిగాడు.

ధనంజయ టీ గ్లాసులతో అట్లాగే నిలబడ్డాడు. సారు నోట రవ్వన్ని అన్న మాట అతను ఎన్నడూ వినలేదు.

ఇద్దరూ ఆటో ఎక్కి అలిపిరికి బయలుదేరారు. సుందరరాజు పెదవులు కదులుతున్నాయి. మునిశేఖర్‌తో ఏమి చెప్పాలో కూర్చుకుంటున్నాడు. ఒక వాక్యం అనుకుంటాడు, తల అడ్డంగా ఊపుతాడు, మార్చుకుంటాడు. పంకజాక్షి ఒడిని రెండు చేతులతో పట్టుకొని కొండ వైపు చూస్తూ కూర్చుంది. మొగుడు ఎలా ఉన్నాడో అక్కమ్మను అడగలేదు. ఇప్పుడు అడగాల్సిందేమో అనిపించింది. సన్నబడ్డాడా? ఆ ఉంగరం ఉందా, అమ్ముకున్నాడా? తనను గుర్తుపడతాడా? గుర్తుపట్టి తల తిప్పుకుంటే మళ్ళీ పలమనేరు బస్సెక్కడానికి ఈ కాళ్ళు ఒప్పుకుంటాయా?

అలిపిరిలో గరుత్మంతుడి బొమ్మ అవతల జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు కొండకు పోయేవాళ్ళను కేకేసి పిలుస్తున్నారు. నీలంరంగు జీపు అని అక్కమ్మ చెప్పింది. వరసలో నీలంరంగువి మూడున్నాయి. మొదటి రెండింటి డ్రైవర్లు ఎవరో పెద్దవాళ్ళు. సుందరరాజు వాళ్ళను అడగబోయాడు. పంకజాక్షి ఆయన చొక్కా పట్టుకొని ఆపింది.

చివరి జీపు బానెట్ ఎత్తి ఉంది. ఒక మనిషి లోపలికి వంగి రిపేరు చేసుకుంటున్నాడు. ఖాకీ చొక్కా వీపు తప్ప ఏమీ కనపడదు. లోపల ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు. రెండు దెబ్బలు. ఆగి, ఒకటి.

ఆమె అక్కడే నిలబడిపోయింది. మళ్ళీ రెండు. ఆగి, ఒకటి.

సుందరరాజు రెండడుగులు ముందుకు వేశాడు. చెప్పుల చప్పుడు విని ఆ మనిషి తల ఎత్తకుండానే, రోజూ అందరినీ అడిగేదే అడిగాడు.

"కొండకా సార్? ఒక్క నిమిషం, అయిపోయింది. యాడ ఇడిసిపెట్టల్ల?"

దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ సుందరరాజు నోటికి రాలేదు. ఆయన వెనక్కి తిరిగి పంకజాక్షిని చూశాడు. ప్రశ్న ఆమెది. జవాబు ఇవ్వడానికి ఈసారి అక్క లేదు.

పంకజాక్షి ఆయన్ను దాటుకొని ముందుకు వచ్చింది. బానెట్ అంచు మీద చెయ్యి పెట్టింది.

"యాడ ఇడిసిపెట్టినావో, ఆడనే ఉండాను."

లోపల దెబ్బలు రెండు పడ్డాయి. మూడోది పడలేదు.